పేరు వెయ్యని రోజుల్లోనే ఆయన బొమ్మని పిల్లలు గుర్తుపట్టేవారు

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను. మీ అబ్బాయి కోసం ఫాంటాగ్రాఫిక్స్ అనే అమెరికా ప్రచురణ సంస్థ వాళ్ళు వేసిన డొనాల్డ్ డక్ గట్టి అట్ట సంపుటం ఒకటి, "లాస్ట్ ఇన్ ది ఆండీస్" కథ ఉన్నది, కొన్నారు. అట్ట మీద కార్ల్ బార్క్స్ అని పేరుంది. అమెరికాలో ఉండే మీ బావగారి దగ్గర ఇవే కథలున్న పాత డెల్ కామిక్స్ ఉన్నాయి, వాటిలో ఎంత వెతికినా ఆ పేరు లేదు, వాల్ట్ డిస్నీ పేరే ఉంది. అప్పుడెందుకు వెయ్యలేదు, ఇప్పుడెందుకు వేశారు, ఇంత డబ్బు పెట్టి కొన్న పుస్తకంలో అసలు ఏం చూడాలి, ఏ వరసలో చదవాలి, రంగులు వెలిసిపోయినట్టున్నాయి కదా మోసపోయానా అని మీ సందేహాలు.

మోసపోలేదండీ. రంగుల గురించి తర్వాత చెప్తాను, ముందు పేరు సంగతి.

1940ల్లో ఆ కామిక్స్ తయారు చేసింది వెస్టర్న్ పబ్లిషింగ్, మార్కెట్లోకి పంపింది డెల్. బొమ్మల హక్కులు డిస్నీవి. ఒప్పందం ఎలాంటిదంటే లోపల ఎవరు రాసినా ఎవరు గీసినా పైన వాల్ట్ డిస్నీ పేరు ఒక్కటే ఉండాలి. రచయిత, చిత్రకారుడు, అక్షరాలు రాసేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు ఎవరి పేరూ ఉండదు. చదివే పిల్లల్లో చాలామంది వాల్ట్ డిస్నీ అనే ఒక పెద్దాయన రోజూ కూర్చుని ఇవన్నీ గీస్తున్నాడనే అనుకునేవారు. గీసేవాళ్ళకి పేజీకి ఇంత అని కూలి, అంతే. ఎన్ని భాషల్లో ఎన్ని దేశాల్లో మళ్ళీ మళ్ళీ వేసుకున్నా రాయల్టీ అన్న మాటే లేదు. ఒరిజినల్ బొమ్మలు కూడా కంపెనీ దగ్గరే ఉండిపోయేవి, వాటిలో ఎక్కువ భాగం తర్వాత వాళ్ళే నాశనం చేసేశారు. ఇది గుర్తుపెట్టుకోండి, మీ పుస్తకంలో గీత నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

బార్క్స్ 1901లో ఆరెగన్ రాష్ట్రంలో మెరిల్ అనే ఊరి దగ్గర పొలంలో పుట్టాడు. పెద్ద చదువు లేదు. చిన్నప్పుడే చెవులు దెబ్బతిన్నాయి, వయసు పెరిగేకొద్దీ వినికిడి ఇంకా తగ్గింది. పొలం పని, చెట్లు నరికే పని, ప్రెస్సులో పని, అన్నీ చేశాడు. కొంతకాలం మినియాపొలిస్‌లో ఒక జోకుల పత్రికకి కార్టూన్లు వేశాడు. 1935లో డిస్నీ స్టూడియోలో చేరి, ముందు కార్టూన్ సినిమాల్లో కదలిక కోసం బొమ్మకీ బొమ్మకీ మధ్య బొమ్మలు గీసే పని, తర్వాత కథల విభాగం. 1942లో మానేశాడు. స్టూడియో ఏసీ గాలి పడక సైనస్ బాధ, పైగా యుద్ధం సినిమాల పని ఇష్టం లేదు. శాన్ హసింటో దగ్గర కోళ్ళ ఫారం పెట్టుకుందామని వెళ్ళిపోయి, ఖర్చులకి ఉంటుందని కామిక్స్ గీయడం మొదలుపెట్టాడు. ఆ "ఖర్చులకి ఉంటుందని" అన్న పని 1966 దాకా సాగింది. దాదాపు 500 కథలు, 6,000 పైచిలుకు పేజీలు. పిసినారి ధనవంతుడు అంకుల్ స్క్రూజ్ ఈయన సృష్టి, 1947 క్రిస్మస్ కథలో మొదటిసారి కనిపిస్తాడు. డక్‌బర్గ్ ఊరు, అదృష్టమంతా తనకే రాసిపెట్టినట్టుండే గ్లాడ్‌స్టోన్, దొంగల ముఠా బీగల్ బాయ్స్, వింత యంత్రాలు కనిపెట్టే జైరో గేర్‌లూస్, మంత్రగత్తె మాజికా, ఇవన్నీ ఈయన బల్ల మీద పుట్టినవే. 90ల్లో ఆదివారం దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన డక్ టేల్స్ చూసి పెరిగిన మన తరానికి ఈ ఊరూ ఈ జనం తెలుసు, వాళ్ళని పుట్టించినాయన ఎవరో మాత్రం తెలీదు. (బంధుత్వాలు మనకి ఇట్టే అర్థమవుతాయి. స్క్రూజ్ డొనాల్డ్‌కి మేనమామ, డొనాల్డ్ తన దగ్గర పెరిగే ముగ్గురు పిల్లలకి, హ్యూయీ, డ్యూయీ, లూయీలకి, మేనమామ. ఇంగ్లీషులో ఇద్దరూ "అంకుల్" కావడం వల్ల అక్కడివాళ్ళకి వంశవృక్షం గీసి చూపించాల్సి వచ్చింది.)

ఇప్పుడు అసలు విషయం. పేరు లేని ఆ రోజుల్లోనే అమెరికాలో పిల్లలు ఈయన్ని గుర్తుపట్టారు. బాతుల కామిక్స్ చాలామంది గీసేవారు, వాళ్ళందరిలో ఒకడి పని మాత్రం వేరుగా ఉందని పదేళ్ళ పిల్లలకి తెలిసిపోయింది. పేరు తెలీదు కాబట్టి "మంచి బాతుల ఆర్టిస్టు" అని పిలుచుకునేవారు. దుకాణంలో కామిక్ తిరగేసి, మొదటి కథ ఆయన గీసిందైతేనే డబ్బులిచ్చేవారు. అభిమానుల ఉత్తరాలు పబ్లిషర్ల దగ్గరే ఆగిపోయేవి. 1960లో జాన్ స్పైసర్ అనే కుర్రాడు ఎలాగో ఆరా తీసి పేరూ చిరునామా పట్టుకుని ఉత్తరం రాస్తే, ఎవరో స్నేహితుడు ఆట పట్టిస్తున్నాడనుకున్నాడట బార్క్స్. అంటే పద్దెనిమిదేళ్ళు గీశాక, తన బొమ్మల్ని ప్రత్యేకంగా వెతుక్కుని చదివేవాళ్ళున్నారని ఆయనకి తెలిసింది.

మీ ప్రశ్నకి నా జవాబంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు అట్ట మీద పేరు ఉంది కాబట్టి గొప్ప బొమ్మ అని ముందే ఒప్పేసుకుని పేజీలు తిప్పేస్తాం. ఆ పిల్లలకి ఆ సౌకర్యం లేదు, వాళ్ళు గీత చూసి పట్టుకోవాల్సి వచ్చింది. మీరూ మీ అబ్బాయీ అలాగే చూడండి. బాపు గీత పట్టుకోవడానికి మనకెవరికైనా కింద సంతకం కావాలా? అలాంటి చూపే ఇది కూడా.

ఏం చూడాలి అంటే, ముందు కళ్ళు. డొనాల్డ్ కన్ను అంటే తెల్లటి గుడ్డులో ఒక నల్ల ముద్ద, అంతేగా. బార్క్స్ ఆ నల్ల ముద్దని కాస్త పక్కకి జరిపి, పై రెప్ప గీత కాస్త వంచి, ముక్కు మూలలో చిన్న గీత వేసి, "నాకు అర్థమైంది కానీ అర్థం కానట్టు నటిస్తున్నాను" అనే భావం కూడా తెప్పిస్తాడు. మిగతావాళ్ళు గీసిన డొనాల్డ్‌కి కోపం, సంతోషం, భయం, ఈ మూడే ఉంటాయి. బార్క్స్ డొనాల్డ్‌కి అసూయ, మొహమాటం, లెక్కలేనితనం, పిల్లల ముందు పరువు పోయిందే అన్న కుమిలిపాటు ఉంటాయి. తర్వాత ఒంటి వంపు చూడండి. నిలబడి ఉన్నా బాతు నిటారుగా ఉండదు, ఏ ఆలోచనలో ఉంటే అటు ఒరుగుతుంది. సినిమా స్టూడియోలో మధ్య బొమ్మలు గీసిన చెయ్యి అది, ఊరికే పోతుందా.

గీత విషయానికొస్తే ఆయన వాడింది ఎస్టర్‌బ్రూక్ 356 అనే ఉక్కు పాళీ. కుంచె కాదు, పాళీ. కాస్త నొక్కితే లావు, వదిలితే సన్నం. డొనాల్డ్ వీపు మీద గీత ఎక్కడ మొదలై ఎక్కడ బలుస్తుందో వేలు పెట్టి చూడండి. వెలుతురు వైపు సన్నంగా, కింద బరువు ఉన్నచోట లావుగా ఉంటుంది. నీడకి వేరే గీతలు పెద్దగా వాడకుండా ఆ ఒక్క గీతతోనే గుండ్రదనం తెప్పిస్తాడు. మీరు భూతద్దం పెట్టి చూసినా సరే, తప్పు లేదు.

పేజీ అమరిక ఇంకొకటి. మామూలుగా పేజీకి నాలుగు వరసలు, వరసకి రెండు గళ్ళు, మొత్తం ఎనిమిది. ఆయన పేజీని పై సగం ఒక కాగితం మీద, కింది సగం ఇంకో కాగితం మీద గీసేవాడు. అందుకే పేజీ నడుమ అడ్డంగా ఒక గీత ఎప్పుడూ తెగుతుంది, దాన్ని దాటుకుని ఏ బొమ్మా కిందికి దిగదు. ఆ కట్టుబాటులో ఉండి కూడా ఎక్కడో ఒకచోట సగం పేజీ మొత్తం ఒకే బొమ్మకి ఇచ్చేస్తాడు, అప్పుడు మీకు ఊపిరాడినట్టుంటుంది. అలాంటి పెద్ద బొమ్మ వచ్చిన ప్రతిసారీ ఆగండి. వెనక ఉన్న కొండలూ, గోడలూ, పడవ తాళ్ళూ ఉత్తుత్తివి కావు. నేషనల్ జియోగ్రాఫిక్ పాత సంచికలు పక్కన పెట్టుకుని గీసేవాడాయన. ఎక్కడికీ పోని మనిషి, పెరూ దగ్గర్నుంచి హిమాలయాల దాకా ఆ పత్రిక ఫోటోల్లోంచే తిరిగాడు.

మీ దగ్గరున్న "లాస్ట్ ఇన్ ది ఆండీస్"నే తీసుకుందాం, 1949 నాటిది. డొనాల్డ్ ఒక మ్యూజియంలో తుడిచే పని చేస్తుంటాడు, అదీ నాలుగో అసిస్టెంటు హోదాలో. అక్కడ చదరపు రాళ్ళని దుమ్ము దులుపుతుంటే ఒకటి కింద పడి పగులుతుంది, చూస్తే అది రాయి కాదు, గుడ్డు. చదరపు గుడ్డు! ఇక ప్రొఫెసర్లూ, వ్యాపారులూ అందరూ లేచి కూర్చుంటారు, పెరూకి ఓడ బయల్దేరుతుంది. ఓడలో ఆమ్లెట్ వెయ్యమని ఒక ఆజ్ఞ పెద్ద ప్రొఫెసర్ దగ్గర మొదలై ఒక్కో మెట్టూ దిగి దిగి డొనాల్డ్ దాకా వచ్చి, అక్కడి నుంచి పిల్లల నెత్తిన పడుతుంది. ఆ వరస చూడండి. గవర్నమెంటు ఆఫీసులో ఒక్కరోజు పని చేసినవాడెవడైనా ఆ గళ్ళు చూసి నవ్వకుండా ఉండలేడు. బొమ్మలో మనిషి మనిషికీ హోదా తగ్గేకొద్దీ భుజాలు ఎలా జారుతున్నాయో గమనించండి. మాటల బుడగల్లో ఉన్నది అదే వాక్యం, నవ్వు తెప్పించేది మాత్రం గీతే.

తర్వాత కొండల్లో పొగమంచు ఘట్టం వస్తుంది. నాలుగు రంగుల చవక ప్రింటింగులో పొగమంచు గీయడం తమాషా కాదు. ఆయన అక్కడ నల్ల గీతలు తగ్గించేసి, మనుషుల అంచుల్ని సగం సగం వదిలేస్తాడు, బాతులు దాదాపు ఖాళీ గడిలో తడుముకుంటూ నడుస్తుంటాయి. మంచు దాటాక అన్నీ చదరంగా ఉండే ఊరు. ఇళ్ళు చదరం, గడ్డాలు చదరం, కోళ్ళు చదరం. గుండ్రటిది ఏదైనా తయారు చేస్తే నేరం! ఈ పిల్లలేమో నోట్లో బబుల్ గమ్ పెట్టుకుని ఉన్నారు. ఇంతకన్నా చెప్పను. చివర్లో బోలెడు కష్టాలు పడి రెండు చదరపు కోళ్ళని వెనక్కి తెచ్చుకుంటారు, ఆ రెండూ పుంజులే అని తేలడంతో కథ అయిపోతుంది. పిల్లల కామిక్‌లో ఇంత చేదు ముగింపుని నవ్వుతూ మింగించడం ఆయనకే చెల్లింది.

"ఓన్లీ ఎ పూర్ ఓల్డ్ మ్యాన్" (1952) మీ దగ్గర లేకపోతే తర్వాత తీసుకోండి. స్క్రూజ్ పేరుతో వచ్చిన మొదటి కామిక్ అదే. డబ్బుల కుప్పలో ఈత కొట్టడం టీవీలో చూసిందే కదా అనుకుంటారు. అక్కడ నాణేలు ఎలా గీశాడో దగ్గరగా చూడండి. ముందు వరసలో నాలుగైదు నాణేలకి మాత్రమే పూర్తి అంచు, మందం ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ వంపు గీతలు మాత్రమే, ఇంకా వెనక చుక్కలు. అయినా ఆ కుప్పకి బరువుంటుంది, స్క్రూజ్ దూకితే అది నీళ్ళలా విడిపోతుంది. అదే కుప్పలోకి బీగల్ బాయ్స్ దూకినప్పుడు మాత్రం తలలు ఠంగున తగులుతాయి. ఒకే రకం గీతలు, ఒకసారి నీళ్ళు, ఒకసారి రాయి. ఎలా చేశాడో నేను ఇప్పటికీ ఆ గళ్ళ మధ్య వెనక్కీ ముందుకీ తిరుగుతూనే ఉంటాను.

ఇప్పుడు రంగులు. పాత డెల్ కామిక్స్ రంగులు బార్క్స్ వేసినవి కావు, వెస్టర్న్‌లో వేరేవాళ్ళు వేసేవారు. చవక న్యూస్‌ప్రింట్ మీద చుక్కల పద్ధతిలో నాలుగు రంగుల అచ్చు. కాగితం సిరాని పీల్చుకుంటుంది కాబట్టి ముదురు రంగులు కూడా మెత్తబడి కనిపించేవి. 90ల్లో కొన్ని రీప్రింట్లలో కంప్యూటర్ మీద నీడలూ మెరుపులూ కలిపి రంగులు దిద్దారు, ఆకాశం పైన ముదురు నీలం కింద లేత నీలం, ముక్కు మీద మెరుపు, ఇలా. చూడ్డానికి దండిగా ఉంటాయి, నాకు మాత్రం అస్సలు నచ్చవు. పాళీ గీతతో ఆయన తెప్పించిన గుండ్రదనం మీద ఇంకోసారి గుండ్రదనం పులిమితే గీత చచ్చిపోతుంది. మీ పుస్తకంలో ఉన్నవి చదును రంగులు, పాత కామిక్ రంగుల్ని దగ్గర పెట్టుకుని కొత్తగా వేసినవి, చుక్కలు లేకుండా. మీకు వెలిసిపోయినట్టు అనిపించింది అందుకే. ఫోన్ తెర మీద బొమ్మలు చూసి చూసి కళ్ళు అలా అలవాటు పడ్డాయి మనకి. పగటి వెలుతురులో నాలుగు పేజీలు చదివితే సర్దుకుంటుంది.

ఒరిజినల్స్ చాలావరకు లేవని చెప్పాను కదా. కాబట్టి రీప్రింట్ వేసేవాళ్ళు పాత ప్రూఫులు, నెగటివులు వెతికి పట్టుకోవాలి, అవి కూడా దొరకని చోట పాత కామిక్‌నే స్కాన్ చేసి రంగు తీసేసి గీతని బయటికి లాగాలి. అందుకే ఒకే సంపుటంలో ఒక కథ గీత కత్తిలా ఉండి, ఇంకో కథలో కాస్త ముద్దగా కనిపించొచ్చు. ముద్దగా ఉన్నచోట "ఇక్కడ బార్క్స్ బాగా గీయలేదు" అనుకోకండి, అది ఆ కాగితానికి పట్టిన గతి. కేవలం గీత కోసమే చూడాలనుకుంటే 1983 నుంచి అనదర్ రెయిన్‌బో వాళ్ళు పెద్ద సైజులో నలుపు తెలుపులో వేసిన సంపుటాలు ఇప్పటికీ ముందు నిలుస్తాయి. ఖరీదు ఎక్కువ, దొరకడం కష్టం, ఎక్కడైనా లైబ్రరీలో కనిపిస్తే మాత్రం వదలకండి.

రీప్రింట్ వల్ల ఇంకో లాభం ఉంది, ఎడిటర్లు కోసేసిన పేజీలు వెనక్కి వచ్చాయి. "బ్యాక్ టు ది క్లోండైక్" (1953) కథలో స్క్రూజ్ వయసులో ఉన్నప్పటి బంగారు గనుల ఊరు, అక్కడి సారా కొట్టు, గోల్డీ అనే ఆవిడతో గొడవ ఉంటాయి. పిల్లల పుస్తకంలో తాగుడూ కొట్లాటా ఏంటని ఆ పేజీలు తీసేశారు. ఆ పేజీలు లేకుండా చదివితే ముసలి పిసినారి చివర్లో గోల్డీ విషయంలో ఎందుకలా మెత్తబడ్డాడో తెలీదు. అవి చేర్చి చదివితే అది ప్రేమకథ. అలాగే 1952 నాటి "ట్రిక్ ఆర్ ట్రీట్"లో ఒక రాక్షసుడున్న పేజీలు కోసేశారు, అవీ ఇప్పుడు ఉన్నాయి. మీ బావగారి పాత సంచికల్లో ఈ రెండు కథలుంటే పక్కపక్కన పెట్టి చూడమనండి, ఎక్కడ కత్తెర పడిందో అతుకు తెలిసిపోతుంది.

అన్నీ మెచ్చుకోవాల్సినవే అని కాదు. మీ సంపుటంలోనే "వూడూ హూడూ" అనే కథ ఉంటుంది. అందులో ఆఫ్రికావాళ్ళని గీసిన తీరు ఆనాటి అమెరికా వెకిలితనమే, దాన్ని సమర్థించనక్కర్లేదు. ఈ కథని కొన్ని ముద్రణల్లో ముఖాలు మార్చి గీసి వేశారు. నా మటుకు నాకు, దిద్ది దాచేయడం కన్నా ఉన్నది ఉన్నట్టు వేసి పక్కన నాలుగు మాటలు రాయడమే నయం. పిల్లాడితో కూర్చుని చదవండి, ఒక్కడికే ఇచ్చి పంపకండి.

పేరు గురించి ఇంకో మాట. అట్ట మీద ఒక్క పేరు వచ్చేసరికి లోపలిదంతా ఆయనదే అనుకునే ప్రమాదం ఉంది. 1942 నాటి మొదటి పెద్ద కథ "పైరేట్ గోల్డ్", అరవై నాలుగు పేజీలది, జాక్ హానా ఆయనా చెరి సగం గీశారు, కథ వేరేవాళ్ళది. ఏ పేజీ ఎవరిదో మీ అబ్బాయినే కనిపెట్టమనండి, మంచి ఆట. 1954 తర్వాతి పనిలో బార్క్స్ భార్య చెయ్యి చాలా ఉంది, ఆవిడ పేరు గారే (Garé). మాటల బుడగల్లో అక్షరాలు ఆవిడ రాసేది, నలుపు నింపడం, వెనక బొమ్మల్లో సాయం చెయ్యడం కూడా. ఆవిడ స్వయంగా ప్రకృతి దృశ్యాలు వేసే చిత్రకారిణి. మొగుడికి పేరు లేని రోజుల్లో ఆవిడకీ లేదు, మొగుడికి పేరొచ్చాక కూడా చాలామంది ఆవిడని తలుచుకోరు. 1950ల చివరి కథల్లో అక్షరాలు ఎంత తేటగా, వరస తప్పకుండా ఉన్నాయో ఓసారి చూడండి. రిటైరయ్యాక బార్క్స్ కొన్ని కథలు రాసి ఇస్తే వేరేవాళ్ళు గీశారు, వాటిలో చాలా వాటిని తర్వాత డచ్ చిత్రకారుడు డాన్ యిప్పెస్ మళ్ళీ కొత్తగా గీశాడు. అవి చూసి "బార్క్స్ లానే ఉంది కానీ ఏదో తేడా" అనిపిస్తే మీ కన్ను కుదిరినట్టే.

మనకీ ఇలాంటి కథ ఒకటుంది, అయితే తలకిందులుగా. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికల్లో చిత్రా బొమ్మ మూలన సంతకం ఉండేది, రాసినాయన పేరు మాత్రం ఉండేది కాదు. దశాబ్దాల పాటు తెలుగిళ్ళలో పిల్లలు నెలనెలా ఎదురుచూసి చదివిన రచయిత పేరు ఆ పిల్లలకే తెలీదు. పెద్దయ్యాక ఆ పాఠకులే వెతికి, ఫలానా సీరియల్ ఈయనదని ఒకరికొకరు చెప్పుకుని, రాసుకున్నారు. బార్క్స్ విషయంలోనూ జరిగింది ఇదే, కంపెనీలు తమంతట తాము పిలిచి పీట వెయ్యలేదు. పాఠకులు పేరు బయటికి లాగారు, వాళ్ళే జాబితాలు తయారు చేశారు, ఏ సంచికలో ఏ కథ ఎవరిదో తేల్చారు. మీ సంపుటం వెనక ఉన్న కథా వివరణలు ఆ అభిమానుల తరం చేసిన పని మీదే నిలబడ్డాయి. వాటిని దాటేయకుండా కథ చదివాక ఒక్కోటి చదవండి.

పేరు వచ్చాక ఆయనకేం ఒరిగిందని అడుగుతారేమో. రిటైరయ్యాక 1971లో డిస్నీ అనుమతితో తన బాతుల్నే నూనె రంగుల్లో పెయింటింగులుగా వెయ్యడం మొదలుపెట్టాడు, కొనేవాళ్ళు వరస కట్టారు. మధ్యలో ఎవరో అనుమతి లేకుండా ప్రింట్లు అమ్మారని 1976లో ఆ అనుమతి పోయింది, తర్వాత మళ్ళీ వచ్చింది. కామిక్స్ కళాకారులకి ఇచ్చే గౌరవం, ఇప్పుడు ఐస్నర్ హాల్ ఆఫ్ ఫేమ్ అని పిలిచేది, 1987లో మొదలైనప్పుడు మొదటి ముగ్గురిలో ఈయన ఒకడు, మిగతా ఇద్దరు విల్ ఐస్నర్, జాక్ కర్బీ. తొంభై మూడేళ్ళ వయసులో మొదటిసారి యూరప్ వెళ్ళాడు. 2000 సంవత్సరంలో, నిండు నూరుకి కొన్ని నెలల ముందు పోయాడు. చివరి నలభై ఏళ్ళలో గౌరవానికి లోటు లేదు. బల్ల దగ్గర కూర్చుని వంచిన మెడ ఎత్తకుండా గీసిన ఏళ్ళకి మాత్రం పేజీకింత అన్న లెక్కే మిగిలింది.

ఇక ఏ వరసలో చదవాలి అన్నారు. సంపుటాలకి నంబర్లున్నాయి కానీ ఆ క్రమంలో కొననక్కర్లేదు. వాళ్ళు కూడా ఆ వరసలో వెయ్యలేదు, 2011లో మొదలుపెట్టినప్పుడు ముందు వేసింది మీ దగ్గరున్న ఏడో సంపుటమే. అందులో పెద్ద కథ అయిపోయాక పది పేజీల కథల్లోకి వెళ్ళండి. నన్నడిగితే బార్క్స్ పనితనం పది పేజీల్లోనే ఇంకా చిక్కగా ఉంటుంది. ములిగిపోయిన పడవని పింగ్‌పాంగ్ బంతులతో పైకి తేల్చే కథ అదే కాలానిది. 1964లో కువైట్‌లో ములిగిన ఓడని ఒక డేనిష్ ఇంజనీరు ప్లాస్టిక్ బంతులతో నిజంగానే తేల్చాడు. ఆ కామిక్ వల్ల ఆయనకి పేటెంట్ రాలేదని ఒక కథ తెగ తిరుగుతుంటుంది, దాన్ని నమ్మేయకండి, ఓడ సంగతి మాత్రం నిజం.

తర్వాత కొనేటప్పుడు "ట్రాలా లా" ఉన్న సంపుటం చూడండి. డబ్బు అంటే ఏంటో తెలీని హిమాలయాల లోయలో స్క్రూజ్ తను వాడే ఔషధం సీసా మూత ఒకటి పారేస్తే ఏమవుతుందో అందులో ఉంటుంది, ధరలు ఎందుకు పెరుగుతాయని పిల్లాడు అడిగితే ఆ కథ చేతికిస్తే చాలు. మన దేశం వాసన తగిలే కథ కావాలంటే 1952లో వచ్చిన పది పేజీలది, హౌడుయుస్తాన్ మహారాజుకీ స్క్రూజ్‌కీ మధ్య ఊరి స్థాపకుడి విగ్రహం ఎవరు పెద్దది కట్టిస్తారన్న పోటీ. ఒకడు కట్టించగానే ఇంకొకడు దానికన్నా ఎత్తుది, మళ్ళీ ఇతను ఇంకా ఎత్తుది, మహారాజు ఖజానా అడుగంటేదాకా. అది పిల్లాడి కంటే ముందు మీరే చదువుతారు చూడండి.